నర్సు చదువు: దాని వ్యయమును ఫలమును

మన కోనసీమనుండి, ముఖ్యముగా రాజోలు, అమలాపురము ప్రాంతములనుండి, అనేక స్త్రీలు గల్ఫు దేశములకు ఇంటిపనికై పోవుచుండుట చదువరులెల్లరు ఎఱిగినదే. ఆ విమానములలోనే నర్సులుగా పోవువారును కొందఱు కలరు. ఈ యిరుతెగల వారికిని గల యంతరము ముఖ్యముగా మూడు నాలుగేండ్ల చదువు. ఆ చదువునుగూర్చి తలిదండ్రులు మమ్ము తఱచుగా అడుగుచుందురు గావున ఇచట కొంత వ్రాయుచున్నాము.

పూర్వము ఈ వృత్తిని హీనముగా నెంచెడివారు. పరుల దేహమును తాకుటయు, రాత్రివేళ మేలుకొని కాచుటయు మర్యాదగల యిండ్ల కన్యకలకు తగదని వాదము. గుంటూరులో డాక్టరు అన్నా కుగ్లరు దొరసానిగారు 1898లో ఆసుపత్రి తెఱచిన కాలమునందు మిషను ఆసుపత్రులలో ఈ పని నేర్చినవారు హెచ్చుగా క్రైస్తవ బాలికలే. నేడు అన్ని కులములవారును చేరుచున్నారు. మగపిల్లలును కొందఱు కనబడుచున్నారు.

ఇంటర్మీడియెటు పిమ్మట ఏ.యన్.యం. రెండేండ్లు, జి.యన్.యం. మూడేండ్లు, బి.యస్సీ. నాలుగేండ్లు. ఏ.యన్.యం. చదివినవారికి పల్లెల ఆరోగ్యకేంద్రములలో పని దొరకును గాని విదేశపు ఆసుపత్రులవారు తక్కిన రెండింటినే కోరుదురు.

ఇక వ్యయము. జీతమొక్కటియే అడిగి వచ్చువారు పొరబడుదురు. హాస్టలు, భోజనము, యూనిఫారములు, పరీక్షల రుసుము, ఆసుపత్రికి పోయివచ్చు బస్సు ఛార్జి, ఇవియు కలియును. లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో మూడేండ్లకు వడ్డీయే 72,000 రూపాయలగును! బ్యాంకులవారి విద్యాఋణము 4 లక్షలవరకు ఆస్తి తనఖా లేకయే దొరకును. చదువు ముగిసిన పిమ్మట ఒక యేడాది వఱకు వాయిదాలు కట్టనక్కఱలేదు. షెడ్యూల్డు కులములవారికి, ఇంటి ఆదాయము సాలుకు రెండున్నర లక్షలు మించనిచో, కేంద్రపు పోస్టుమెట్రికు స్కాలర్‌షిప్పు గలదు. ఆ కులములనుండి క్రైస్తవులైనవారిని మన రాష్ట్రములో వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గమున చేర్చి నూటికి ఒక్క స్థానమే యుంచిరి. మన బడి పిల్లలలో అనేకులకు ఈ భేదము చేరునాడు గాని తెలియదు.

రుసుముకన్న ముందు అడుగవలసినది ఒకటి గలదు: ఆ కళాశాలకు పడకలు నిండిన ఆసుపత్రి కలదా? ప్రతి విద్యార్థికి ముగ్గురు రోగులుండవలెనని ఇండియన్ నర్సింగు కౌన్సిలు నియమము. రోగి నెఱుగని చదువు, గోదావరి నెఱుగని యీత వంటిది.

ఫలము మాట. 2016లో సుప్రీముకోర్టు ఆనతిపై ఏర్పడిన సంఘము, యాబది పడకలకు లోబడిన ప్రైవేటు ఆసుపత్రిలో సైతము నర్సునకు నెలకు 20,000 రూపాయలకు తక్కువ ఈయరాదనియు, రెండువందలు మించినచోట ప్రభుత్వ నర్సుతో సమానముగా ఈయవలెననియు చెప్పెను. అది సిఫారసే గాని శాసనము కాదు. అంతకు మిక్కిలి తక్కువకు పనిచేయుచున్నవారు మా యెఱుకలో కలరు. గల్ఫునకు పోగోరువారు సాధారణముగా రెండేండ్ల అనుభవమును, లైసెన్సు పరీక్షయు సంపాదింపవలెను. 2015నుండి గల్ఫు మొదలగు 18 దేశములకు పోవు నర్సులకు ప్రభుత్వపు అనుమతి కావలెను. కావున ఊరి దళారి మాట నమ్మి రుసుము చెల్లింపకుడు.

పదియవ తరగతి బాలికలకు ఒక్క మాట. బి.యస్సీ. నర్సింగునకు ఇంటర్మీడియెటులో బై.పి.సి. చదివి యుండవలెను. ఆ యెంపిక ఈ వేసవిలోనే జరుగును.