వెండి గిన్నె కొట్టేవాళ్లు మధ్యమధ్యలో ఎందుకు కాలుస్తారు?

కల్లూరు వైపు ఏ ఇంట్లోనైనా అన్నప్రాశననాటి పాత వెండి గిన్నె ఉంటే, తిరగేసి వెలుతురులో పట్టి చూడండి. చేత్తో చేసిందైతే సన్నటి సుత్తి దెబ్బల జాడ కనిపించవచ్చు. అన్ని దెబ్బలు తిన్న రేకు ఎందుకు చిట్లలేదు?

మేలిమి వెండి మరీ మెత్తన, ఊరికే సొట్టపడుతుంది. అందుకే కాస్త రాగి కలుపుతారు. 1000 పాళ్లలో 925 వెండి, మిగతాది రాగి అయితే దాన్ని స్టెర్లింగ్ అంటారు. మూసలో కరిగించి దిమ్మగా పోసి, దాగలి మీద సుత్తితో రేకుగా సాగగొట్టి, గుంతగా మలుస్తారు.

వెండి లోపలంతా సూక్ష్మ స్ఫటికాలే. దెబ్బ పడగానే వాటిలోని పొరలు ఒకదానిపై ఒకటి జారుతాయి, రేకు సాగుతుంది. కొడుతూపోతే ఆ పొరల్లో చిక్కులు పెరిగి జారడం కష్టమవుతుంది. రేకు బిర్రబిగుస్తుంది. ఇంకా కొడితే అంచు పగులుతుంది. అప్పుడు కుంపట్లో మసక ఎరుపు వచ్చేదాకా, అంటే సుమారు 600–650 డిగ్రీల దాకా, కాలుస్తారు. ఆ వేడికి కొత్త స్ఫటికాలు ఏర్పడి వెండి మళ్లీ మెత్తబడుతుంది. పైన రాగి వల్ల పట్టిన నలుపును చింతపండు నీళ్లలో మరిగించి పోగొడతారు. గిన్నె పూర్తయ్యేదాకా ఇదే వరస. చివరి దెబ్బల తర్వాత మాత్రం కాల్చరు. అప్పుడు మిగిలిన గట్టిదనమే గిన్నె ఆకారాన్ని కాపాడుతుంది.

మరి వెండి ఎక్కడిది? చాలాసార్లు వెండి రూపాయలనే కరిగించేవారు. కల్లూరు నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు ఇక్కడ చెల్లింది నిజాం సొంత నాణెం హాలీ సిక్కా. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి అయితే సరిగ్గా తులం, 11.66 గ్రాములు. అందులో 12 పాళ్లకు 11 వెండి. అమెరికాలోని బోస్టన్‌లోనూ ఇలా నాణేలనే కరిగించేవారు. అక్కడ ఇంకా బ్యాంకులు లేని రోజుల్లో జనం నాణేలిచ్చి గిన్నెలు, చెంచాలు చేయించుకునేవారు. దొంగలెత్తుకుపోయినా గుర్తుపట్టడానికి వాటి మీద ముద్ర, పేరు ఉండేవి. అక్కడి వెండి పనివాడు పాల్ రివియర్ 1768లో చేసిన ప్రసిద్ధ వెండి గిన్నె ‘లిబర్టీ బౌల్’ కూడా సుత్తితో మలిచినదే.

పాత గిన్నె నల్లబడితే పాడైందనుకోకండి. గాలిలోని గంధకం వెండితో కలవడం వల్ల వచ్చిన పొర అది. గరుకు పొడితో తోమితే ప్రతిసారీ కొంత వెండి అరుగుతుంది. అల్యూమినియం రేకు పరిచి, దానికి తగిలేలా గిన్నె పెట్టి, తినే సోడా కలిపిన వేడినీళ్లు పోస్తే గంధకం అల్యూమినియం వైపు వెళ్తుంది, వెండి గిన్నెకే మిగులుతుంది. తూకానికి మార్చే ముందు ఒక్కసారి ఆగండి. కరిగిస్తే దుకాణం లెక్కగట్టేది బరువునే, అన్నిసార్లు కాల్చి కొట్టిన పనికి విలువ కట్టదు.