అపోలో 10½: అక్కడ చందమామ మీదికి రాకెట్, మన కరీంనగర్‌లో స్కైలాబ్ భయం

స్పేస్ రేస్ సినిమా అనగానే కౌంట్‌డౌన్, కంట్రోల్ రూమ్, టెన్షన్‌తో చెమటలు తుడుచుకునే ఇంజినీర్లు గుర్తొస్తారు. రిచర్డ్ లింక్‌లేటర్ తీసిన యానిమేషన్ సినిమా 'అపోలో 10½: ఎ స్పేస్ ఏజ్ చైల్డ్‌హుడ్' అట్లా ఉండదు. 2022 ఏప్రిల్ 1న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఈ సినిమా ఆ రేస్ మొత్తాన్ని హ్యూస్టన్‌లోని ఒక పిల్లాడి ఇంటి హాల్లోంచి చూపిస్తుంది. నాది కరీంనగర్. అందుకే చూస్తున్నంతసేపూ ఒకటే ప్రశ్న: మా దిక్కు పిల్లలకు ఈ రేస్ ఎట్లా కనిపించింది? దానికి జవాబు ఒక్క మాటలో ఉంది. స్కైలాబ్.

ముందు సినిమా సంగతి

కథ సింపుల్. 1969లో స్టాన్ అనే పిల్లాడి దగ్గరికి ఇద్దరు నాసా మనుషులు వస్తారు. లూనార్ మాడ్యూల్‌ను పొరపాటున చిన్న సైజులో కట్టేశామని, అందులో పట్టేది పిల్లాడే కాబట్టి అపోలో 11 కంటే ముందు సీక్రెట్‌గా నువ్వు వెళ్లాలని అడుగుతారు. ఇది నిజమా, వాడి కలా అని సినిమా తేల్చి చెప్పదు. స్టాన్ నాన్న నాసాలోనే పనిచేస్తాడు, కానీ సామాన్లు పంపే, దింపుకునే డిపార్ట్‌మెంట్‌లో. ఆ విషయం పిల్లాడికి కాస్త చిన్నతనం.

ట్రైలర్ చూసి అడ్వెంచర్ అనుకుంటే మాత్రం నిరాశే. మిషన్ పార్ట్ తక్కువ. ఎక్కువ భాగం టీవీ షోలు, ఆటలు, ఇంటి ఖర్చులు తగ్గించే అమ్మ తిప్పలు, దోమల మందు బండి వెనక పిల్లల పరుగులు. మన మున్సిపాలిటీ పొగ బండి వెనక పరిగెత్తినవాళ్లకు ఆ సీన్ దగ్గర నవ్వు ఆగదు. పెద్దయిన స్టాన్ గొంతుతో ఇదంతా చెప్పేది జాక్ బ్లాక్. నిజానికి ఆ గొంతే సినిమాకు వెన్నెముక.

ఆ బొమ్మలు ఎలా వచ్చాయి?

ఇది రోటోస్కోపింగ్. ముందు నటులతో మామూలుగా షూట్ చేస్తారు, తర్వాత ఆ వీడియో మీద ఆర్టిస్టులు ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ బొమ్మలు గీస్తారు. మాక్స్ ఫ్లైషర్ 1915లో పేటెంట్‌కు అప్లై చేసిన వందేళ్ల నాటి ఐడియా ఇది. లింక్‌లేటర్ దీన్నే 'వేకింగ్ లైఫ్' (2001), 'ఎ స్కానర్ డార్క్‌లీ' (2006)లో వాడాడు.

ఎంత పనో ఒక లెక్క వేద్దాం. సినిమా సుమారు 97 నిమిషాలు. సెకనుకు 24 ఫ్రేమ్‌లు అంటే దాదాపు 1 లక్షా 40 వేల ఫ్రేమ్‌లు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేమ్‌లకు వాడుకున్నా 70 వేల బొమ్మలు. నటుల ముఖకవళికలు అలాగే ఉంటాయి, రంగులు మాత్రం పాత ఫొటో ఆల్బమ్‌లా కనిపిస్తాయి. జ్ఞాపకాన్ని చూపించడానికి ఇంతకంటే సరైన టెక్నిక్ లేదని నా అభిప్రాయం. తీసింది నిజం, మీద గీసింది ఊహ. మన జ్ఞాపకాలు కూడా అంతే కదా.

అదే రేస్, కరీంనగర్ నుంచి చూస్తే

ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుడి మీద కాలు పెట్టినప్పుడు మన టైమ్ ప్రకారం 1969 జులై 21 ఉదయం 8:26. స్టాన్ ఇంట్లో అది లైవ్. మన దగ్గర అప్పటికి తెలుగు నేల మీద టీవీ ప్రసారాలే లేవు. హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది 1977లో. పైగా 1969 అంటే తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఏడాది. స్టాన్ టీవీలో వియత్నాం యుద్ధం, నిరసనలు కనిపిస్తుంటే, ఇక్కడి పిల్లలు ఆందోళనల్ని నేరుగా బజార్లోనే చూశారు.

స్పేస్ రేస్ మన ఊళ్లకు నిజంగా చేరింది పదేళ్ల తర్వాత. అది కూడా కిందపడుతూ.

1973 మే 14న అపోలో వాడిన సాటర్న్ 5 రకం రాకెట్ మీదనే స్కైలాబ్ ఎగిరింది. అమెరికా మొదటి స్పేస్ స్టేషన్, సుమారు 77 టన్నుల బరువు. 1974 ఫిబ్రవరిలో చివరి టీమ్ దిగిపోయాక అది ఖాళీగా తిరుగుతూ ఉండిపోయింది. స్పేస్ షటిల్ వచ్చి దాన్ని పైకి నెడుతుందని నాసా ప్లాన్. ఈలోగా సూర్యుడి యాక్టివిటీ పెరిగింది, పై వాతావరణం వేడెక్కి ఉబ్బింది, స్కైలాబ్‌కు గాలి రాపిడి ఎక్కువైంది. షటిల్ ఎగిరింది 1981లో. స్కైలాబ్ 1979 జులై 11నే పడిపోయింది.

ఆ జులైలో మన పల్లెల్లో ఏం జరిగిందో పెద్దవాళ్లను అడిగితే చెప్తారు. ఎట్లాగూ పోతాం కదా అని కోళ్లు, మేకలు కోసుకుని తిన్నవాళ్లు, దాచుకున్న డబ్బులు ఖర్చు పెట్టేసినవాళ్లు. ఆ టైమ్‌లో పుట్టిన కొందరికి స్కైలాబ్ అనే పేరే పెట్టేశారు. ఈ సంగతుల మీదే 2021 డిసెంబర్‌లో 'స్కైలాబ్' సినిమా వచ్చింది. విశ్వక్ ఖండేరావు డైరెక్షన్, సత్యదేవ్, నిత్యా మేనన్, రాహుల్ రామకృష్ణ నటులు. కథ జరిగేది కరీంనగర్ జిల్లాలోని బండలింగంపల్లిలో.

వాళ్లను చూసి నవ్వేముందు

ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. కానీ డేటా చూస్తే మా పెద్దోళ్ల భయంలో లాజిక్ ఉంది.

స్కైలాబ్ కక్ష్య 50 డిగ్రీల వంపుతో ఉండేది. అంటే ఉత్తరాన 50 నుంచి దక్షిణాన 50 డిగ్రీల అక్షాంశాల మధ్య ఎక్కడైనా పడొచ్చు. కరీంనగర్ 18 డిగ్రీల దగ్గర, ఆదిలాబాద్ 19 దాటాక. రెండూ ఆ జోన్‌లోనే. దాని స్పీడ్ సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్లు. కరీంనగర్ నుంచి హైదరాబాద్‌కు 160 కిలోమీటర్ల పైచిలుకు దూరం, స్కైలాబ్‌కు అది 20 సెకన్ల పని. లెక్కలో పది నిమిషాలు తేడా వస్తే పడే చోటు 4,600 కిలోమీటర్లు మారిపోతుంది. ఎక్కడ పడుతుందో చెప్పలేం అని రేడియో చెప్పింది అబద్ధం కాదు. నాసాకే కచ్చితంగా తెలియదు.

ఇంకో నంబర్ చూడండి. భూమ్మీద ఎవరో ఒకరికి తగిలే అవకాశం 152లో 1 అని నాసా అంచనా. వినడానికి భయంగానే ఉంది. కానీ అప్పటి జనాభా 400 కోట్ల పైనే. ఆ ఎవరో ఒకరు మీరే అయ్యే అవకాశం 60 వేల కోట్లలో 1. మొదటి నంబర్ ఊరిదాకా వస్తే, రెండోది దారిలోనే ఆగిపోతే, మేక కోసుకోవడం పిచ్చిపని ఎలా అవుతుంది? స్టాన్‌కు అపోలో గురించి టీవీ, స్కూలు, నాన్న ముగ్గురూ చెప్పారు. ఇక్కడి పిల్లాడికి చెప్పడానికి రేడియోలో ఒక వార్త, దాని చుట్టూ వంద పుకార్లు. వాళ్లిద్దరి మధ్య తేడా తెలివిలో లేదు, అందిన సమాచారంలో ఉంది.

చివరికి ముక్కలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎస్పెరెన్స్ చుట్టుపక్కల పడ్డాయి. చెత్త వేసినందుకు అక్కడి స్థానిక కౌన్సిల్ నాసాకు 400 డాలర్ల ఫైన్ వేసింది. ఎవరికీ గాయాలు కాలేదు.

43 ఏళ్ల తర్వాత, ఆదిలాబాద్ సరిహద్దు అవతల

'అపోలో 10½' నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చిన మర్నాడే, 2022 ఏప్రిల్ 2 రాత్రి, మహారాష్ట్ర ఆకాశంలో నిప్పు చారలు కనిపించాయి. మన ఉమ్మడి ఆదిలాబాద్‌ను ఆనుకునే ఉన్న చంద్రపూర్ జిల్లాలో, సిందేవాహి తాలూకాలోని ఒక ఊళ్లో సుమారు 3 మీటర్ల వెడల్పున్న లోహపు రింగ్ పడింది. చైనా లాంగ్ మార్చ్ 3బి రాకెట్ భాగం అయి ఉంటుందని నిపుణులు అంచనా వేశారు.

ఈసారి ఎవరూ మేకల్ని కోసుకోలేదు. ఫోన్లు తీసి వీడియోలు తీశారు. కాసేపట్లోనే అవి వాట్సాప్‌లో తిరిగాయి, అది ఏ రాకెట్టో ఎక్కడో కూర్చున్న నిపుణులు చెప్పగలిగారు. ఆకాశం నుంచి చెత్త పడటం ఆగలేదు. జనం చేతిలో ఉన్నది మారింది.

మన 'అపోలో 10½' ఎవరు తీయాలి?

స్పాయిలర్ ఇది, సినిమా చూడనివాళ్లు ఒక పేరా దాటేయండి. చందమామ మీద నడక లైవ్ వస్తుంటే స్టాన్ నిద్రపోతాడు. అయినా పెద్దయ్యాక అంతా చూశాననే అనుకుంటాడని వాళ్లమ్మకు తెలుసు, జ్ఞాపకం అలాగే పనిచేస్తుంది కదా అంటుంది.

మన స్కైలాబ్ కథలూ అంతే, కొంత నిజం, కొంత మసాలా. కానీ ఆ కథలకు ఏ సర్వర్‌లోనూ బ్యాకప్ లేదు. 1979లో పదేళ్లున్నవాళ్లు యాభై దాటేశారు. అప్పుడు ఇంటి పెద్దలుగా మేకను కోయాలని నిర్ణయించినవాళ్లలో మిగిలింది కొద్దిమందే.

టూల్స్ అన్నీ ఇప్పుడు ఫ్రీ. ఫోన్‌తో షూట్ చేసి, బ్లెండర్‌లో వీడియోను బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టి, గ్రీజ్ పెన్సిల్‌తో మీద గీయొచ్చు. సెకనుకు 12 బొమ్మల చొప్పున పది సెకన్ల క్లిప్‌కు 120 బొమ్మలు. ఒక పెన్ను, టాబ్లెట్ ఉంటే రెండు మూడు వీకెండ్ల పని.

కానీ గీయడం తర్వాత చూసుకోవచ్చు, గొంతు ముందు. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, ఫ్యాన్ ఆపండి, రికార్డర్‌ను హై క్వాలిటీకి మార్చి మూరెడు దూరంలో ఉంచండి. రేడియోలో ఏం చెప్పిండ్రు, ఎవరు భయపెట్టిండ్రు, ఆ రాత్రి ఏం వండుకున్నరు అని అడగండి. జులై 12 పొద్దున లేచి ఊరు ఊరంతా బతికే ఉందని చూసినప్పుడు మొదట ఏమనుకున్నరో కూడా అడగండి. జవాబు చెప్పేదాకా మధ్యలో మాట్లాడకండి.