మోహిని నుంచి సీత వరకు: అంజలీదేవి

పెద్దాపురం పేరు వినగానే సాహిత్య విద్యార్థికి ఏనుగు లక్ష్మణకవి గుర్తుకు వస్తాడు. భర్తృహరి సుభాషితాలను తేట తెలుగు పద్యాలుగా మలచిన ఆ పద్దెనిమిదో శతాబ్దపు కవికి ఈ ప్రాంతమే నెలవు. చరిత్ర చదివేవారికి వత్సవాయి ప్రభువుల సంస్థానమూ, పాండవుల మెట్టా స్ఫురిస్తాయి. ఆషాఢమాసంలో మరిడమ్మ జాతరకు వచ్చిపోయే వేలాది జనానికి ఇది అమ్మవారి ఊరు. గత శతాబ్దపు మధ్యకాలంలో ఈ ఊరి పేరైనా వినని తెలుగు, తమిళ ప్రేక్షకులకు ఈ ఊరి ఆడపడుచు ఒకరు మాత్రం బాగా తెలుసు. ఆమె అంజలీదేవి.

అంజలీదేవి 1927 ఆగస్టు 24న పెద్దాపురంలో జన్మించింది. ఆనాడు తూర్పు గోదావరి జిల్లాలో ఉన్న ఆ పట్టణం 2022 నుంచి కాకినాడ జిల్లాలో ఉంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు అంజనీకుమారి. పసితనంలోనే లోహితాస్యుడి వేషం వేసి, ముఖానికి రంగు పూసుకున్న పిల్ల ఆమె.

ఆ రంగు పూసుకోవడం ఆనాడు ఎంత సాహసమో నేటి విద్యార్థులకు వివరించి చెప్పవలసి ఉంటుంది. తెలుగు నాటకరంగం మీద అప్పటికి స్త్రీ పాత్రలను ఎక్కువగా పురుషులే ధరించేవారు. స్థానం నరసింహారావు సత్యభామగా రంగస్థలం మీదికి వస్తే చూసేవారు మైమరచిపోయేవారు. సురభి కుటుంబాల స్త్రీలు తమ నాటకాలలో తామే నటించేవారు గానీ, అది ఒక కుటుంబ వృత్తిగా సాగిన సంప్రదాయం. దాని వెలుపల ఒక ఆడపిల్ల నాటకాలలో ఆడిపాడితే చప్పట్లు కొట్టిన చేతులే మరునాడు వేలెత్తి చూపేవి. ఆమె కళను కోరుకున్న సంఘం ఆమెకు గౌరవం ఇవ్వడానికి మాత్రం వెనుకాడేది. అంజలీదేవి జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఈ వైరుధ్యాన్ని మనసులో ఉంచుకోవడం అవసరం.

పెద్దాపురానికి ఇరవై కిలోమీటర్ల దూరంలోని కాకినాడ అప్పట్లో నాటకాలకు పెట్టింది పేరు. అక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ ఔత్సాహిక నటులకు పాఠశాల వంటిది. ఎస్.వి. రంగారావు, బి.ఎ. సుబ్బారావు వంటివారు ఆ క్లబ్ నాటకాలలో రాటుదేలినవారే. పి. ఆదినారాయణరావు ఆ బృందంలో బహుముఖ ప్రజ్ఞాశాలి. నాటకాలు రాసేవాడు, బాణీలు కట్టేవాడు, హార్మోనియం వాయించేవాడు, నటులకు శిక్షణ ఇచ్చేవాడు. అంజనీకుమారికి నాట్యంలోనూ, వాచికంలోనూ మెరుగులు దిద్దింది ఆయనే. తరువాత ఆమె ఆయన అర్ధాంగి అయింది. గురువు భర్త కావడం, ఆ భర్తే తన చిత్రాలకు సంగీత దర్శకుడూ నిర్మాణ భాగస్వామీ కావడం ఆమె వృత్తి జీవితాన్ని చాలావరకు నిర్ణయించాయి.

చలనచిత్రాలలో ఆమె ప్రవేశం మాత్రం సాఫీగా సాగలేదు. 1943 ప్రాంతంలో ‘కష్టజీవి’ అనే చిత్రంలో అవకాశం వచ్చింది. కొన్ని రీళ్ళ చిత్రీకరణ జరిగిన తరువాత ఆ చిత్రం ఆగిపోయింది. ఆ దశలో ఆమెను గుర్తించినవాడు చిత్తజల్లు పుల్లయ్య. ఆయన కూడా కాకినాడవాడే. 1934లోనే ‘లవకుశ’ను తెరకెక్కించి, పల్లె జనం బండ్లు కట్టుకుని పట్టణాలకు తరలివచ్చేలా చేసిన దర్శకుడు. 1947లో వచ్చిన ‘గొల్లభామ’లో ఆయన అంజనీకుమారికి మోహిని పాత్రను ఇచ్చాడు. అంజలీదేవి అన్న పేరు కూడా ఆయన పెట్టినదే. ఆ చిత్రానికి కథానాయిక కృష్ణవేణి. అయినా చూసి వచ్చినవారు మోహినిని మరచిపోలేదు.

మోహిని అన్న పాత్ర స్వభావాన్ని ఇక్కడ కొంత వివరించాలి. జానపద చిత్రాలలో కథానాయిక ఎదురుచూసేది, కన్నీరు పెట్టేది, చివరకు నాయకుణ్ణి చేపట్టేది. మోహినికి అటువంటి కథ ఉండదు. ఆమె వస్తుంది, ఆడుతుంది, నాయకుణ్ణి దారి తప్పిస్తుంది, వెళ్ళిపోతుంది. ప్రేక్షకుల కళ్ళు ఆమె మీదే ఉంటాయి గానీ వారి సానుభూతి మాత్రం ఆమెకు దక్కదు. ‘గొల్లభామ’ విజయం తరువాత అంజలీదేవిని వెదుక్కుంటూ వచ్చిన వేషాలు చాలావరకు ఈ కోవలోనివే. 1949 నాటి ‘కీలుగుర్రం’లో ఆమె అందమైన స్త్రీ రూపం ధరించి రాజును వశపరచుకున్న రాక్షసి. అక్కినేని నాగేశ్వరరావు నాయకుడు, ఘంటసాల సంగీత దర్శకుడు. ఆ చిత్రం తమిళంలోకి అనువాదమై అక్కడి ప్రేక్షకులకూ ఆమెను పరిచయం చేసింది. పగలు రాణిగా మురిపించి రాత్రి రాక్షసిగా బెదిరించే ఆ పాత్రను ఆమె ఎంత సమర్థంగా పోషించినా, అటువంటి పాత్రలకే పరిమితమైన నటిని పదేళ్ళ తరువాత తలచుకునేవారు ఉండరు. అందం తరిగిననాడు అవకాశాలూ తరుగుతాయి.

ఆ చట్రాన్ని దాటడానికి అంజలీదేవి దంపతులు ఎంచుకున్న మార్గం సొంత నిర్మాణం. 1951లో వచ్చిన ‘మాయలమారి’ చిత్రంతో వారు నిర్మాణరంగంలో అడుగుపెట్టారు. తరువాత అంజలీ పిక్చర్స్ పతాకం మీద 1953లో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో ‘పరదేశి’ని నిర్మించారు. తమిళంలో ఇది ‘పూంగోదై’. అప్పటికి తెరకు కొత్తవాడైన శివాజీ గణేశన్‌కు ఇందులో అవకాశం ఇచ్చారు. ఇరవై ఏళ్ళ తరువాత వారు నిర్మించిన ‘భక్త తుకారాం’లో శివాజీ గణేశన్ ఛత్రపతి శివాజీ పాత్ర ధరించి, ఆ కృతజ్ఞతతోనే పారితోషికం తీసుకోలేదని చెబుతారు.

నటి నిర్మాత కావడం ఆనాడు చిన్న విషయం కాదు. ఇతరుల చిత్రం పరాజయం పాలైతే నటికి పోయేది పేరు మాత్రమే. సొంత చిత్రం దెబ్బతింటే పేరుతోపాటు ఇల్లూ వాకిలీ పోతాయి. ఈ ప్రమాదాన్ని తగ్గించుకోవడానికి ఆనాటి మద్రాసు నిర్మాతలకు ఒక ఉపాయం ఉండేది. ఒకే కథను రెండు మూడు భాషలలో తీసేవారు. సెట్లు, దుస్తులు, బాణీలు చాలావరకు ఒకటే. మాటలు, పాటల సాహిత్యం, కొందరు నటీనటులు మారతారు. ఈ పద్ధతిలో నిర్మాతకు ఖర్చు కలిసివస్తుంది గానీ నటికి శ్రమ రెట్టింపు అవుతుంది. ఒకే భావాన్ని భిన్న భాషల వాచికంతో మళ్ళీ మళ్ళీ పలికించాలి. అంజలీదేవికి తెలుగుతోపాటు తమిళంలోనూ స్థిరమైన స్థానం లభించడానికి ఈ శ్రమే కారణం.

1955లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వచ్చిన ‘అనార్కలి’ ఆమె జీవితంలో ఒక మలుపు. సలీం పాత్రలో అక్కినేని, అక్బరు పాత్రలో ఎస్.వి. రంగారావు నటించారు. అనార్కలి కూడా నర్తకే. కానీ మోహినికి లేని హృదయం ఆమెకు ఉంది, ఆ హృదయం కోసం ఆమె ప్రాణాన్ని పణం పెడుతుంది. ప్రేక్షకులు ఏ నాట్యాన్ని చూసి అంజలీదేవిని మోహినిగా ముద్రవేశారో, ఆ నాట్యాన్నే ఆమె విషాదానికి ముఖద్వారంగా చేసుకుంది. 1957 నాటి ‘సువర్ణసుందరి’లో ఈ ప్రయత్నం మరింత ఫలించింది. అందులో నాయిక ఇంద్రసభలోని అప్సరస. మానవుణ్ణి ప్రేమించినందుకు స్వర్గానికి దూరమై, భూలోకంలో అష్టకష్టాలు అనుభవిస్తుంది. మోహినిగా మొదలైన పాత్ర తల్లిగా, పతివ్రతగా పరిణమించే కథ ఇది. ఆదినారాయణరావు సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ రాగాలను మాలికగా కూర్చిన యుగళగీతం ఈ చిత్రానికి ప్రాణం. తెలుగులో ఘంటసాల, జిక్కి పాడగా, హిందీలో మహమ్మద్ రఫీ, లతా మంగేష్కర్ పాడారు. అక్కినేని నటించిన ఏకైక హిందీ చిత్రం కూడా ఈ ‘సువర్ణసుందరి’యే.

ఇక ‘లవకుశ’. 1934లో తాను తీసిన కథనే రంగులలో మళ్ళీ తీయాలని పుల్లయ్య సంకల్పించాడు. నిర్మాత శంకరరెడ్డి. రాముడు నందమూరి తారక రామారావు. సీత పాత్రకు అంజలీదేవిని ఎంచుకున్నారు. తాను తొలి చిత్రంలో మోహినిగా చూపించిన నటినే సీతగా చూపడానికి ఆ దర్శకుడు సాహసించాడు. ‘కీలుగుర్రం’లోని రాక్షసిని మరచిపోని ప్రేక్షకులు సీతాదేవిగా ఆమెకు నమస్కరిస్తారా అన్నది ఆనాడు సందేహించదగిన విషయమే. పైగా చిత్రం మధ్యలో ఆర్థిక ఇబ్బందులతో నిలిచిపోయి, సుమారు అయిదేళ్ళపాటు సాగింది. పుల్లయ్య ఆపిన చోట ఆయన కుమారుడు సి.ఎస్. రావు అందుకుని పూర్తిచేశాడు. పూర్తిగా రంగులలో నిర్మితమైన ఆ తొలి తెలుగు కథాచిత్రం 1963 మార్చి 29న విడుదలైంది.

సీత పాత్ర ఎంత కష్టమైనదో సాహిత్య విద్యార్థులు ఊహించగలరు. భవభూతి తన ‘ఉత్తరరామచరితం’లో కరుణాన్నే ప్రధాన రసంగా నిలిపాడు. కంకంటి పాపరాజు ‘ఉత్తర రామాయణం’ చదివిన తెలుగువారి మనసులలో సీతకు అప్పటికే ఒక రూపం ఏర్పడి ఉంది. నటి ఆ రూపంతో పోటీ పడవలసి ఉంటుంది. అభినయం ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలని భరతుడు చెప్పాడు. మోహినికి ఆంగికమూ ఆహార్యమూ ఆసరా. ఆశ్రమవాసిని అయిన సీతకు నగలు లేవు, నాట్యం లేదు. ఆమెకు మిగిలేది సాత్త్వికం ఒక్కటే. కాంతారావు ధరించిన లక్ష్మణుడు ఆమెను అడవిలో విడిచి వెళ్ళవలసిన ఘట్టంలో అంజలీదేవి గుండెలు బాదుకోదు. మొదట ఆ మాట ఆమెకు అర్థం కాదు. అర్థమైన తరువాత ఆమె దుఃఖం తన కోసమా, రాముని కోసమా అన్నది ప్రేక్షకునికి తెలియదు. లవకుశుల గానాన్ని వింటున్నప్పుడు తల్లి గర్వమూ, పరిత్యక్త వేదనా ఒకే ముఖం మీద కనిపిస్తాయి. ఆమె నటజీవితంలో ఇంతటి నిగ్రహం చూపిన పాత్ర మరొకటి లేదు.

ఆ చిత్రం విడుదలైన తరువాత పల్లెలకు వెళ్ళినప్పుడు స్త్రీలు ఆమెను సీతమ్మగా భావించి కాళ్ళకు మొక్కేవారు. నాటకాలాడే ఆడపిల్లను వేలెత్తి చూపిన సంఘం అదే. మారింది ఆమె ధరించిన పాత్ర. సీతకు ఇచ్చిన గౌరవాన్ని మోహినికి ఇవ్వని ఆ తీరు మీద మనకు పేచీ ఉండవచ్చు. రెండు పాత్రల వెనుకనూ ఉన్నది ఒకే నటి, ఒకే సాధన.

1967లో ‘భక్త ప్రహ్లాద’లో ఆమె లీలావతి. హిరణ్యకశిపుడు కాకినాడ నాటకాలనాటి ఎస్.వి. రంగారావు. భర్త ఆజ్ఞకూ కన్నకొడుకు భక్తికీ నడుమ నలిగిన తల్లిగా ఆమె మెప్పించింది. 1972 నాటి ‘బడిపంతులు’లో మళ్ళీ రామారావు సరసన, వృద్ధాప్యంలో కొడుకులు పంచుకోగా భర్తకు దూరమైన ఇల్లాలు. నాయిక పాత్రల నుంచి తల్లి పాత్రలకు మారడం చాలామంది నటీమణులకు అవరోహణగా ఉంటుంది. ఆమె విషయంలో అలా జరగలేదు. ‘భక్త తుకారాం’ (1973), ‘మహాకవి క్షేత్రయ్య’ (1976) చిత్రాలతో నిర్మాణం కూడా కొనసాగింది. దక్షిణ భారత నటీనటుల సంఘానికి అధ్యక్షురాలైన తొలి మహిళ కూడా ఆమెయే. 1994 సంవత్సరానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆమెకు రఘుపతి వెంకయ్య పురస్కారం ప్రకటించింది.

1991లో ఆదినారాయణరావు మరణించారు. తరువాతి కాలంలో ఆమె ఎక్కువగా సత్యసాయిబాబా భక్తిలో గడిపింది. షిరిడీ సాయి, పర్తి సాయి గాథలతో ఒక టెలివిజన్ ధారావాహికను నిర్మించింది. 2011లో ‘లవకుశ’ కథనే బాపు ‘శ్రీరామరాజ్యం’గా తీసినప్పుడు, సీతగా నటించిన నయనతారను పత్రికలూ ప్రేక్షకులూ పోల్చి చూసింది అంజలీదేవితోనే. అప్పటికి పాత చిత్రం వచ్చి దాదాపు అర్ధశతాబ్దం గడిచింది. 2014 జనవరి 13న, సంక్రాంతి ముంగిట, ఎనభై ఆరేళ్ళ వయసులో అంజలీదేవి చెన్నైలో కన్నుమూసింది. మరునాటి తెలుగు పత్రికలు ఆమెను తెరమీది సీతమ్మగానే తలచుకున్నాయి.