మీకు తెలుసా? బేస్ గిటార్ ఎక్కడికి పోయిందో!

డ్రమ్స్, బేస్, గిటార్లు, గొంతు. వీటిని విడివిడిగా రికార్డు చేసి, పాళ్లు కుదిర్చి ఒక్క పాటగా వండటమే మిక్సింగ్. రాక్, మెటల్ పాటలకు ఈ వంట మరీ కష్టం. అన్నీ ఒకేసారి గట్టిగా అరుస్తుంటాయి, ఎవరూ తగ్గరు. పైగా గంటల తరబడి పొయ్యి దగ్గర నిలబడ్డవాడి నాలుకకు ఉప్పు తెలియనట్టు, మిక్స్ చేసినవాడి చెవికి తన తప్పు ఆనదు. ఇంకొకరు విని చెప్పాల్సిందే, అదే ఫీడ్‌బ్యాక్.

ఫీడ్‌బ్యాక్‌కు రెండు అర్థాలు. పెళ్లి పందిట్లో మైకు స్పీకరుకు ఎదురుపడగానే చెవులు చిల్లులు పడేలా ‘కూయ్’మంటుందే, అది మొదటిది. స్పీకర్లోంచి వచ్చిన చప్పుడే మళ్లీ మైకులో దూరి, తిరిగి తిరిగి పెరగడం. గిటార్ తీగలు కూడా ఇలాగే ఊళ వేస్తాయి. 1964లో బీటిల్స్ తమ ‘ఐ ఫీల్ ఫైన్’ను ఆ ఊళతోనే మొదలెట్టారు. రెండో అర్థం, విన్నవాళ్లు మన ముఖం మీద చెప్పే మాట. అదీ ఒక్కోసారి చెవిలో అలాగే గుచ్చుకుంటుంది.

సౌండు పెంచితే చెవి మోసపోతుంది. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే ఈ సంగతి లెక్క కట్టి చూపించారు. మెల్లగా మోగుతున్నప్పుడు మంద్ర స్వరాలు మనకు సరిగా వినబడవు. సౌండు పెంచేకొద్దీ అవి ముందుకొస్తాయి. అర్ధరాత్రి హోరెత్తిస్తూ చేసిన మిక్స్ అప్పటికి దివ్యంగా ఉండి, పొద్దున మెల్లగా పెట్టుకుంటే నీరుగారిపోయేది ఇందుకే. మన పాటను పేరున్న బ్యాండు పాటతో పోల్చేటప్పుడు ముందు రెండింటి సౌండూ సమానం చేయాలి. లేదంటే గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపిస్తుంది.

డిస్టార్షన్ పెంచితే గిటార్ చిన్నదవుతుంది. కొత్తగా నేర్చుకునే వాళ్లెవరూ ఈ మాట నమ్మరు, నేనూ నమ్మలేదు. డిస్టార్షన్ అంటే ధ్వని తరంగం కొసలను కత్తిరించడం. ఎక్కువ కత్తిరిస్తే తీగను మీటిన దెబ్బే వినబడదు, ‘జుయ్’మనే రొద మిగులుతుంది. మరి మెటల్ పాటల్లో గుండెల మీద గుద్దే ఆ బరువు ఎక్కడిది? మామూలు శ్రుతిలో గిటార్ లావు తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగితే, బేస్ గిటార్‌ది సరిగ్గా ఒక స్థాయి కింద, 41 దగ్గర. మనం గిటార్‌ది అనుకునే ఉరుములో చాలా భాగం బేస్‌దీ, కిక్ డ్రమ్‌దీ. ఇక గిటార్లు రెండు చెవులకూ పరుచుకున్నట్టుండే ఆ వెడల్పు, ఒకే వాయింపును కాపీ చేసి కుడి ఎడమలకు పంచితే రాదు. అది నట్టనడుమే వినిపిస్తుంది. అదే ముక్కను రెండోసారి వాయించి రికార్డు చేయాలి. రెండు వాయింపుల మధ్య రవ్వంత తేడా ఉంటుందే, ఆ తేడాయే పాటను వెడల్పు చేస్తుంది.

సలహా కన్నా రోగలక్షణం మేలు. మిత్రుల బ్యాండు పాట ఒకటి నాలుగు రాత్రులు మిక్స్ చేశాను. తెలిసినవాళ్లకు పంపితే ఒకరు స్నేర్ డ్రమ్ పెంచమన్నారు, ఒకరు తగ్గించమన్నారు. వంటింట్లోంచి అమ్మ అంది: “ఒరేయ్, ఆ అబ్బాయి పాడుతున్నప్పుడల్లా వెనకాల ఎవరో స్టీలు గిన్నెలు తోముతున్నారేంట్రా?” వెళ్లి చూస్తే నిజమే. పల్లవి వచ్చినప్పుడల్లా డ్రమ్స్‌లోని సింబల్స్ గొంతు మీదెక్కి కూర్చున్నాయి. చెవి బాగా చురుగ్గా ఉండే 3, 4 వేల హెర్ట్జ్ ప్రాంతంలో వాటిని ఈక్యూతో, అంటే ఆయా స్వరాల పాళ్లు మార్చే పరికరంతో, కాస్త కోశాను, గొంతు బయటపడింది. ఆవిడకు ఈక్యూ అంటే ఏమిటో తెలియదు. తెలిసుంటే గిన్నెల మాట చెప్పేది కాదేమో.

స్టూడియోల ముద్దుబిడ్డ ఒక ఫెయిలైన స్పీకర్. యమహా 1978లో ఇళ్ల కోసం తెచ్చిన ఎన్ఎస్-10 ఇళ్లలో ఎవరికీ పెద్దగా నచ్చలేదు. తెల్లటి కోను ఉన్న ఆ స్పీకర్ మధ్య స్థాయి స్వరాలను ఏ మొహమాటం లేకుండా ఎత్తి చూపించేది. ఇందులో బాగుంటే ఎందులోనైనా బాగుంటుందని ఇంజనీర్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. కీచుదనం తగ్గడానికి ట్వీటర్ మీద టిష్యూ కాగితం అంటించుకున్నవాళ్లూ ఉన్నారు!

శ్రోతలు ఆల్బమ్‌నే తప్పుపట్టిన సందర్భం ఉంది. 2008లో మెటల్ బ్యాండు మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ వచ్చింది. సౌండు ఎంత బిగించారంటే ధ్వని పగిలిపోయింది. అవే పాటలు ‘గిటార్ హీరో’ వీడియో గేమ్‌లో శుభ్రంగా వినబడటంతో అభిమానులకు గుట్టు తెలిసిపోయింది. మళ్లీ మిక్స్ చేయమని వేలమంది సంతకాలు పెట్టారు.

మెచ్చుకోలు కూడా పేచీయే. 1991లో నిర్వాణా బ్యాండు ‘నెవర్‌మైండ్’ ఆల్బమ్‌ను మిక్స్ చేసింది ఆండీ వాలెస్, అంతకుముందు స్లేయర్ వంటి మెటల్ బ్యాండుకు పనిచేసినవాడు. లోకమంతా నెత్తికెత్తుకుంది. నిర్వాణా గాయకుడు కర్ట్ కోబేన్ మాత్రం మరీ నునుపుగా ఉందని తర్వాత మొహం ముడిచాడు. 1993 నాటి ‘ఇన్ యుటెరో’కు గరుకుదనం కోసం రికార్డింగ్ ఇంజనీర్ స్టీవ్ ఆల్బినీ దగ్గరకు వెళ్లారు. తీరా అయ్యాక అందులో రెండు పాటలు మళ్లీ ఇంకొకరితో మిక్స్ చేయించుకున్నారు!

చివరికి ఆ బేస్ గిటార్ సంగతి. మెటాలికాదే, 1988 నాటి ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’. బస్సు ప్రమాదంలో చనిపోయిన బేసిస్టు క్లిఫ్ బర్టన్ స్థానంలోకి జేసన్ న్యూస్టెడ్ కొత్తగా వచ్చాడు. ఆల్బమ్ విడుదలయ్యాక చూస్తే అతని వాయింపు వెతుక్కున్నా దొరకదు. డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ తగ్గించమన్నాడని, తగ్గించాక ఇంకా తగ్గించమన్నాడని మిక్స్ చేసిన స్టీవ్ థాంప్సన్ చెప్పాడు. గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ మాట వేరు: కచేరీలు చేసి చేసి, చెవుల్లో దూదైనా లేకుండా వచ్చి స్టూడియోలో కూర్చునేవాళ్లం, అప్పటికే వినికిడి దెబ్బతినిపోయేది అని. అభిమానులు ఊరుకుంటారా? బేస్ పెంచిన సొంత మిక్స్‌లు చేసి పంచుకున్నారు. 2018లో బ్యాండు ఆ ఆల్బమ్‌ను మెరుగుపెట్టి మళ్లీ విడుదల చేసింది. బేస్‌ను మాత్రం ఉన్నచోటే ఉంచింది.