సముద్రపు కేబులు – పల్నాటి బిల్లు

విశాఖపట్నం తీరానికి సముద్రగర్భం గుండా కొత్త ఇంటర్నెట్ కేబుళ్లు రానున్నవన్న వార్త మన జిల్లాలలో చాలామంది చెవిని పడినది. 2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో కృత్రిమ మేధా కేంద్రాన్ని నెలకొల్పనున్నట్లు ప్రకటించినది. అంతర్జాతీయ కేబుళ్లకు ఒక కొత్త ముఖద్వారాన్ని కూడ అక్కడనే నిర్మిస్తామని తెలిపినది. ఈ వార్త విన్న గృహస్థునకు సహజంగా కలిగే ప్రశ్న ఒకటే: నరసరావుపేటలోను, గురజాలలోను, మాచర్లలోను నెలనెలా కట్టే బ్రాడ్‌బ్యాండు బిల్లు దీనితో తగ్గుతుందా?

సమాధానం ముందే చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. కేబులు వచ్చినంత మాత్రాన బిల్లు తగ్గదు. తగ్గే అవకాశం మాత్రం కలుగుతుంది. ఆ అవకాశం ఇంటి గడప దాకా రావలెనంటే ఒడ్డున జరుగవలసిన పనులు కొన్ని ఉన్నవి.

సముద్రగర్భ కేబులనగా, లోతు సముద్రంలో సుమారు బొటనవ్రేలంత లావుండే తాడు వంటిది. దాని నడుమ వెంట్రుక వాటి గాజుపోగులు కొన్ని జతలుగా ఉంటవి. ఆ పోగులలో సమాచారం కాంతి రూపాన ప్రయాణిస్తుంది. ఖండాల నడుమ సాగే ఇంటర్నెట్ సమాచారం దాదాపు అంతా ఈ మార్గాననే పోతున్నది. ఉపగ్రహాల వంతు స్వల్పం. 2022 చివరినాటికి మన దేశానికి 17 అంతర్జాతీయ కేబుళ్లు, అవి గట్టెక్కే కేంద్రాలు 14 ఉన్నట్లు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్క చెప్పినది. అవన్నీ ముంబయి, చెన్నై, కొచ్చి, తూత్తుకుడి, తిరువనంతపురాలలోనే ఉన్నవి. ఆంధ్రతీరాన ఒక్కటియు లేదు. విశాఖ వార్తకు ఇంత ప్రాముఖ్యం కలుగుటకు కారణమిదే.

పల్నాటివారికి ఈ విషయం బోధపడుటకు దూరపు పోలిక అక్కరలేదు. నాగార్జునసాగరానికి 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలినారు. జలాశయం నిండినంత మాత్రాన చివరి ఎకరం తడవదని ఇక్కడి రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు. కుడికాలువ, మేజర్లు, మైనర్లు, తూములు, పంటబోదెలు, ఇవన్నీ సక్రమంగా ఉన్ననాడే ఆయకట్టు చివరకు నీరు అందుతుంది. ఇంటర్నెట్టులో సముద్రపు కేబులు జలాశయం వంటిది. తీరం నుండి మహానగరాల మీదుగా జిల్లా కేంద్రానికి వచ్చే కేబులు ప్రధాన కాలువ. వీధి స్తంభం నుండి మన ఇంటి గోడ వరకు వచ్చే తీగ పంటబోదె. ఖర్చు ఎక్కువగా పడేది ఈ కడపటి భాగం మీదనే.

బిల్లునే తీసుకుందాము. 500 రూపాయల పథకానికి 18 శాతం జీఎస్టీ చేరి 590 రూపాయలవుతుంది. అంటే 90 రూపాయలు పన్ను. మిగిలిన 500లో తీగ వేసిన ఖర్చు, స్తంభాల అద్దె, ఇంటిలోని పరికరం, కరెంటు, తెగిన తీగ అతికే మనిషి జీతం, స్థానిక ఆపరేటరు వాటా, కంపెనీ లాభం అన్నీ ఉన్నవి. సముద్రం దాటించినందుకయ్యే ఖర్చు వీటన్నిటి నడుమ ఒక చిన్న పద్దు. లెక్క కొరకు అది 20 రూపాయలనుకుందాము. కొత్త కేబుళ్ల వలన అది సగమైనా మనకు మిగిలేది 10 రూపాయలు. ఆ పదింటిని కంపెనీ తానే ఉంచుకొన్నచో మనకు తెలియను కూడ తెలియదు.

మరొక సంగతి కూడ ఉన్నది. మనం చూచే వీడియోలలో పెక్కు భాగం ప్రతిసారి సముద్రం దాటి రావు. ఎక్కువమంది చూచేవాటి ప్రతులను కంపెనీలు చెన్నై, ముంబయి, హైదరాబాదు వంటి నగరాలలోని యంత్రాలలో ముందే భద్రపరచి ఉంచుతున్నవి. అందుచేత పిడుగురాళ్లలో సినిమా చూచేవాని బిల్లు మీద సముద్రపు ఖర్చు ప్రభావం మరింత తక్కువ.

మరి కేబులు రాకతో స్థితి మారిన ప్రదేశమే లేదా? ఉన్నది. చెన్నై నుండి అండమాన్ దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల కేబులును 2020 ఆగస్టు 10న ప్రారంభించినారు. అంతకుముందు ఆ దీవులు ఉపగ్రహం మీదనే ఆధారపడి, మిక్కిలి పరిమితమైన ఇంటర్నెట్టుతో సరిపెట్టుకొనేవి. అక్కడ కొరత ఉన్నది సముద్రం దాటే చోటనే కనుక, కేబులు ఆ కొరతను తీర్చినది. పల్నాటి కొరత అక్కడ లేదు. స్తంభానికి, ఇంటికి నడుమ ఉన్నది.

తూర్పు ఆఫ్రికా అనుభవం కూడ గమనింపదగినది. 2009లో సీకామ్ కేబులు కెన్యా తీరం చేరిన తరువాత టోకు ధరలు బాగుగా పడినవి. చిల్లర ధరలు అదే పాళ్లలో వెంటనే దిగిరాలేదు. పలు కంపెనీలు పాత ధరకే వేగం పెంచి ఇచ్చినవి. మన దేశంలో కూడ అటువంటిదే జరుగవచ్చును: బిల్లు అంతే ఉండి, వేగం పెరుగవచ్చును.

ఇక మన దేశంలో ధర దిగిన సందర్భాలను చూద్దాము. 2014లో ఒక గిగాబైట్ మొబైల్ డేటాకు సగటున 269 రూపాయలు పడినది; 2018 నాటికి అది 12 రూపాయల లోపునకు వచ్చినదని ట్రాయ్ లెక్కలు చెప్పుచున్నవి. ఆ మధ్య కొన్ని కేబుళ్లు వచ్చిన మాట నిజమే. కాని ధరను అంతగా పడగొట్టినది 2016 సెప్టెంబరులో జియో రంగప్రవేశంతో మొదలైన పోటీ. ఆ పోటీలో కొన్ని కంపెనీలు మూతపడి, మరికొన్ని విలీనమై, రంగంలో మిగిలినవారి సంఖ్య తగ్గినది. 2024 జులైలో మూడు ప్రధాన ప్రైవేటు కంపెనీలు ఇంచుమించు ఒకేసారి ధరలు పెంచినవి. అదే సంవత్సరం డిసెంబరులో సీ-మీ-వీ 6 అనే భారీ కేబులు చెన్నైలో గట్టెక్కినది. అందువలన పెరిగిన ధరలు వెనుకకు రాలేదు.

రెండవ ఉదాహరణ మన రాష్ట్రంలోనిదే. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, విద్యుత్ స్తంభాల మీదుగా వేల కిలోమీటర్ల కేబులు లాగి, ఇంటర్నెట్టు, టీవీ, టెలిఫోను మూడింటిని నెలకు 149 రూపాయల ఆరంభ ధరకు ఇవ్వజూపినది. ఆనాడు ఆంధ్రతీరాన సముద్రపు కేబులు లేదు. ఉన్న స్తంభాలను వాడుకొని కడపటి తీగ ఖర్చును తగ్గించుటచేతనే అది సాధ్యమైనది. ఆ ధర తరువాతి కాలంలో నిలువలేదు. స్తంభం మీది తీగను ఏండ్ల తరబడి కాపాడుటకు అయ్యే వ్యయం ఎటువంటిదో దీనిని బట్టి గ్రహించవచ్చును.

ఇంతమాత్రాన విశాఖ కేబుళ్లు వ్యర్థమని భావింపరాదు. వాని మొదటి ప్రయోజనం భద్రత. 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో కేబుళ్లు తెగినప్పుడు మన దేశంలో కూడ ఇంటర్నెట్టు మందగించినది. పడమటి దారి మూసుకొన్ననాడు తూర్పున మరొక దారి ఉండుట అవసరం. ఇంటి నుండి విదేశీ సంస్థకు పనిచేసే యువతికి, ఆన్‌లైనులో పరీక్ష వ్రాసే విద్యార్థికి పది రూపాయల తగ్గింపు కంటె ఇదే విలువైనది.

రెండవ ప్రయోజనం ఒక షరతుతో కూడినది. కేబులు గట్టెక్కే కేంద్రం ఎవరి చేతిలో ఉన్నదో వారే ద్వారపాలకులు. ఇతర కంపెనీలకు కూడ ఆ ద్వారం తెరువవలెనని ట్రాయ్ 2007లో నిబంధన చేసినది. 2012లో అందుకు రుసుములు నిర్ణయించినది. విశాఖ ద్వారం చిన్న సంస్థలకు కూడ న్యాయమైన రుసుముతో అందుబాటులో ఉన్ననాడు, నరసరావుపేటలోని చిన్న ఆపరేటరు పెద్ద కంపెనీతో పోటీపడగలడు. లేనిచో లాభం ద్వారం వద్దనే ఆగిపోతుంది.

కనుక పల్నాటి గృహస్థుడు సముద్రం వైపు చూచుట కంటె తన వీధి స్తంభం వైపు చూచుట మేలు. ఆ స్తంభం మీద ఎందరి తీగలున్నవి? కొత్తవానికి అక్కడ చోటిచ్చుచున్నారా? పంచాయతీ వరకు వచ్చిన భారత్‌నెట్ కేబులు పనిచేయుచున్నదా, లేక తెగిపడి ఉన్నదా? ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురు సరఫరాదారులున్న పట్టణంలో ధర తగ్గమని అడుగవచ్చును, అడిగినచో తగ్గవచ్చును. ఒక్కడే ఉన్న బొల్లాపల్లి, వెల్దుర్తి మండలాల పల్లెలో అడుగుటకు రెండవ మనిషి ఉండడు. ఆ రెండవ మనిషిని ఆ పల్లెకు తీసుకొనివచ్చే ఏర్పాటేదో, అదే బిల్లు తగ్గించే ఏర్పాటు. ప్రజాప్రతినిధులను, అధికారులను మనం అడుగవలసినది దానిని గురించియే.