ఆదాయ సమానత్వంపై ప్రజాభిప్రాయం (పశ్చిమ ప్రకాశం)

ఆదాయ సమానత్వంపై ప్రజాభిప్రాయం అనగా కలిగినవారికి, లేనివారికి మధ్య ఎంత అంతరం ఉండవచ్చును, దానిని తగ్గించే బాధ్యత ప్రభుత్వానికి ఎంతవరకు ఉన్నది అనే విషయాలపై ప్రజలకు గల భావన. ఇది ఒకరి ఆదాయాన్ని బట్టి మాత్రమే ఏర్పడదు. పేదరికానికి సోమరితనమే కారణమని నమ్మేవారు సాధారణంగా పంపకాన్ని ఇష్టపడరు. పుట్టుక, అదృష్టం, వర్షం వంటివి కారణమని నమ్మేవారు సమర్థిస్తారు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాన్ని ఇందుకు ఉదాహరణగా తీసుకొనవచ్చును.

నేపథ్యం

1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలోని మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. తూర్పున దర్శి, అద్దంకి వైపు నాగార్జునసాగర్ కుడి కాలువ నీరు పారుతుంది. పశ్చిమాన గుండ్లకమ్మపై కట్టిన కంభం చెరువును మినహాయిస్తే సేద్యం చాలావరకు వర్షాధారం. తాగునీటిలో ఫ్లోరైడ్ సమస్య కూడా కలదు. మార్కాపురం పలకల పరిశ్రమ ఎందరికో జీవనోపాధి కల్పించింది గాని, బడులలో రాతిపలకల వాడకం తగ్గాక గిరాకీ పడిపోయింది. పనుల కోసం హైదరాబాదు, బెంగుళూరు నగరాలకు వలస వెళ్ళడం ఇక్కడ మామూలు విషయం.

భూమి, నీరు

1973 నాటి భూసంస్కరణల చట్టం మాగాణికి 10 నుండి 27 ఎకరాలు, మెట్టకు 35 నుండి 54 ఎకరాలు గరిష్ఠ పరిమితిగా నిర్ణయించింది. వాన లేని ఏట ఇరవై ఎకరాల మెట్ట రైతు కూడా కూలికి పోవలసి వచ్చే చోట భూమి లెక్క ఒక్కటే కలిమిని తెలుపదు. అందువలన ఇక్కడ పంపకం అనగానే నీటి పంపకమే ముందు గుర్తుకు రావడం సహజం.

శ్రీశైలం జలాశయం నుండి కృష్ణా వరదనీటిని తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాలలో సుమారు 4.47 లక్షల ఎకరాలకు నీరివ్వడం దీని లక్ష్యం. ఒక్కొక్కటి 18 కిలోమీటర్లకు పైబడిన జంట సొరంగాలను 2024 మార్చి 6న ప్రారంభించారు. అప్పటికి ముంపు గ్రామాల పునరావాసం పూర్తి కాలేదు. ఊరు కోల్పోయేవారు ఒకరు, నీరు పొందేవారు మరొకరు కావడం వలన న్యాయమైన పంపకం ఏదన్న ప్రశ్నకు ఈ ప్రాంతంలోనే రెండు జవాబులు ఉంటాయి.

ఎదురుచూపు

ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1973లో ఒక పోలిక చెప్పాడు. యాదృచ్ఛికంగా అదీ సొరంగమే. రెండు వరుసల వాహనాలు సొరంగంలో నిలిచిపోయినప్పుడు పక్క వరుస కదిలితే మొదట సంతోషం కలుగుతుంది, తమ వంతు కూడా వస్తుందని. ఎంతకూ రాకపోతే అదే కోపంగా మారుతుంది. అసమానత పట్ల ప్రజల ఓర్పు కూడా ఇటువంటిదేనని అతని వాదన.

సంక్షేమ పథకాలు

1983లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం, 2007లో ప్రకాశం జిల్లాకు విస్తరించిన ఉపాధి హామీ పథకం పంపకానికి రెండు భిన్న రూపాలు. మొదటిది నేరుగా ఇచ్చే సాయం. రెండవది చేసిన పనికి కూలి. కష్టపడి తీసుకొన్నది గౌరవమని భావించేవారికి రెండవది నచ్చుతుంది. పనిచేయలేని ముసలివారికి, రోగులకు మాత్రం మొదటిదే ఆధారం.