యథార్థత వేరు, ఖచ్చితత్వం వేరు

కొలిచి చెప్పిన విలువ అసలు విలువకు ఎంత దగ్గరగా ఉందో తెలిపే గుణం యథార్థత. ఒకే రాశిని మళ్ళీ మళ్ళీ కొలిచినప్పుడు వచ్చిన విలువలు తమలో తాము ఎంత దగ్గరగా ఉన్నాయో తెలిపేది ఖచ్చితత్వం. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

500 గ్రాముల ప్రామాణిక తూకపురాయిని ఒక కాటాపై నాలుగుసార్లు పెడితే 512, 511, 513, 512 గ్రాములు చూపిందనుకుందాం. ఆ కాటాకు ఖచ్చితత్వం ఉంది, యథార్థత లేదు. మరో కాటా 490, 508, 503, 499 చూపింది. విడివిడిగా చూస్తే విలువలు చెదిరి ఉన్నాయి, సగటు మాత్రం సరిగ్గా 500. మొదటి కాటాది క్రమదోషం: తప్పు ప్రతిసారీ ఒకే దిశలో వస్తుంది. రెండోదానిది యాదృచ్ఛిక దోషం: తప్పు ఒకసారి ఎక్కువకు, ఒకసారి తక్కువకు పోతుంది. వందసార్లు కొలిచి సగటు తీస్తే యాదృచ్ఛిక దోషం పదో వంతుకు తగ్గుతుంది. క్రమదోషం మాత్రం ఎన్నిసార్లు కొలిచినా తగ్గదు. డిజిటల్ తెరపై మరో రెండు దశాంశ స్థానాలు కనిపించినా పోదు.

రాబర్ట్ మిల్లికన్ 1913లో నూనెచుక్కల ప్రయోగం నుంచి ప్రకటించిన ఎలక్ట్రాన్ ఆవేశం దాదాపు 1.592 × 10⁻¹⁹ కులూంబులు. అందులో అనిశ్చితి 0.2 శాతమే అని ఆయన అంచనా. నేటి విలువ 1.602 × 10⁻¹⁹. అంటే తేడా 0.6 శాతం. ఆయన లెక్కలో వాడిన గాలి స్నిగ్ధత విలువ అసలుకన్నా కొంచెం తక్కువ. ప్రతి చుక్క లెక్కలోనూ అదే విలువ ఉండటంతో ఫలితాలన్నీ ఒకే వైపుకు జరిగాయి. వాటి మధ్య పొందిక మాత్రం చెడలేదు.

1990లో అంతరిక్షానికి చేరిన హబుల్ టెలిస్కోపుకూ ఇదే జరిగింది. 2.4 మీటర్ల ప్రధాన దర్పణాన్ని ఎంతో నునుపుగా సానబట్టారు, కానీ ఆకారం తప్పింది. అంచు దగ్గర ఉండవలసినదానికన్నా సుమారు 2 మైక్రాన్లు చదునుగా తయారైంది. ఆకారాన్ని పరీక్షించే పరికరంలో ఒక కటకం ఉండవలసిన స్థానానికి 1.3 మిల్లీమీటర్ల తేడాతో అమరడమే కారణం. అంత సున్నితం కాని మరో పరికరం లోపాన్ని చూపించింది కూడా. మొదటిదే మేలైనదన్న నమ్మకంతో ఆ ఫలితాన్ని పక్కన పెట్టారు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి, దోషాన్ని సవరించే దృశా పరికరాలు అమర్చాక గానీ చిత్రాలు స్పష్టం కాలేదు.

ఖచ్చితత్వాన్ని ఆ పరికరంతోనే పరీక్షించవచ్చు. అదే కొలతను పదేపదే తీసుకుంటే సరిపోతుంది. యథార్థతను తేల్చాలంటే పరికరానికి బయట ఉన్న ఆధారం కావాలి. అది తెలిసిన ప్రమాణంతో సరిపోల్చే క్రమాంకనం కావచ్చు, వేరే సూత్రంపై పనిచేసే మరో పద్ధతి కావచ్చు. దుకాణాల్లోని కాటాలను తూనికలు కొలతల శాఖ నిర్ణీత గడువుల్లో ప్రామాణిక తూకపురాళ్ళతో సరిచూసి ముద్ర వేసేది ఇందుకే. రెండు పద్ధతుల ఫలితాలు కలవకపోతే, ఎక్కువ దశాంశాలు చూపే పరికరాన్ని నమ్మి ఊరుకోకూడదు. తేడాకు కారణం దొరికేవరకూ రెండింటినీ పరీక్షించాలి.